కుందేలు బరువు పెరగలేదు, వీర్యకణం తల మడతపడింది

కిలో మేతలో అర గ్రాము కొలెస్ట్రాల్. అర్జెంటీనాలోని మెండోజా నగరంలో మగ కుందేళ్ల మేతకు కలిపింది అంతే. కూయో జాతీయ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేసే పరిశోధకులు 12 న్యూజిలాండ్ తెల్ల కుందేళ్లను తీసుకుని, కొన్నింటికి మామూలు మేత, మిగతావాటికి 0.05 శాతం కొలెస్ట్రాల్ కలిపిన మేత కావలసినంత పెట్టారు. ఫలితాలు 2010లో ప్రచురించారు. కొలెస్ట్రాల్ తిన్న కుందేళ్ల రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగింది. అది ఎవరైనా ఊహించేదే. దాంతోపాటు వీర్యం పరిమాణం తగ్గింది, వీర్యకణాల కదలిక మందగించింది. మైక్రోస్కోప్ కింద చూస్తే చాలా కణాల తల నిలువునా మడతపడి కనిపించింది. కణం పక్వానికి వచ్చేలోపు రాలిపోవాల్సిన సైటోప్లాజం బొట్టు ఇంకా తోకనే అంటుకుని ఉంది.

అదే బృందం 2013లో ఇంకో వివరం బయటపెట్టింది. మామూలు మేత తిన్న కుందేళ్ల సగటు బరువు 4.08 కిలోలు, కొలెస్ట్రాల్ మేత తిన్నవాటిది 4.37 కిలోలు. లెక్కల ప్రకారం అది పరిగణించదగ్గ తేడా కాదు. అంటే ఇవి లావెక్కిన కుందేళ్లు కావు. పక్కపక్కన నిలబెడితే ఏది ఏ గుంపుదో చెప్పలేం. అయినా వీర్యంలో తేడా స్పష్టంగా ఉంది.

కొవ్వు, సంతానసామర్థ్యం గురించి వచ్చే వార్తల్లో ఊబకాయం, కొవ్వు మేత, కొలెస్ట్రాల్ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. చివరికి మిగిలేది 'కొవ్వు తింటే వీర్యకణాలు తగ్గుతాయి' అనే ఒక్క వాక్యం. ప్రయోగాలు చెబుతున్నది దానికంటే చిత్రంగా ఉంది. ఎంత కొవ్వు తిన్నది అన్నదానికంటే ఏ జంతువు తిన్నది, దెబ్బ వీర్యకణం తయారీలో ఏ దశలో తగిలింది అన్నవే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తున్నాయి. వీర్యకణాల సంఖ్య చాలాసార్లు అన్నింటికంటే తక్కువ సమాచారం ఇచ్చే కొలత.

కుందేలునే ఎందుకు ఎంచుకున్నారు?

ఈ ఎంపిక వెనుక వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కొవ్, సెమ్యోన్ చలతొవ్ అనే ఇద్దరు కుందేళ్లకు పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్ట్రాల్ తినిపించారు. రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుంది. గుండెజబ్బుల పరిశోధనకు అది పెద్ద మలుపు. అదే ప్రయోగం ఎలుకల మీద చేస్తే అలాంటి ఫలితం రాలేదు. దాంతో చాలామంది ఇది కుందేలుకే పరిమితమైన వింత అని కొట్టిపారేశారు కూడా.

కుందేలు గడ్డి తినే జంతువు. దాని సహజమైన ఆహారంలో కొలెస్ట్రాల్ దాదాపు ఉండదు. అందువల్ల మేతలో కలిపితే సులువుగా పీల్చుకుంటుంది, వదిలించుకోవడం మాత్రం దానికి పెద్దగా చేతకాదు. ఎలుకలు, చుంచెలుకల రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్‌డీఎల్, అంటే 'మంచి కొలెస్ట్రాల్' రూపంలో తిరుగుతుంది. కొలెస్ట్రాల్‌ను రక్తంలో మోసే లైపోప్రోటీన్లలో ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే సీఈటీపీ అనే ప్రోటీన్ మనుషుల్లో ఉంది, కుందేళ్లలో ఉంది, ఎలుకల్లో లేదు. కాబట్టి 'జంతువుల్లో తేలింది' అనే మాట వినగానే ఏ జంతువు అని అడగాలి. కుందేలు ప్రయోగం లావెక్కకుండా కొలెస్ట్రాల్ పెరిగితే ఏమవుతుందో చూపిస్తుంది. చుంచెలుక ప్రయోగం చాలావరకు లావెక్కితే ఏమవుతుందో చూపిస్తుంది. రెండూ వేర్వేరు జబ్బులు.

కొవ్వు లేకపోయినా కష్టమే

కొలెస్ట్రాల్‌ను దోషిగా నిలబెట్టే ముందు దానికి వృషణాల్లో ఉన్న పని చూడాలి. వీర్యకణం చుట్టూ ఉండే పొరలో అది తప్పనిసరి భాగం. వృషణాల్లోని లీడిగ్ కణాలు మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను తయారుచేసేది కొలెస్ట్రాల్ నుంచే. ఇక కొవ్వులనే పూర్తిగా తీసేస్తే ఏమవుతుందన్నది 1934లోనే తేలింది. కొవ్వు బొత్తిగా లేని మేత మీద పెంచిన మగ ఎలుకలు సంతానం కనలేకపోయాయని అమెరికాలో హెర్బర్ట్ ఎవాన్స్ బృందం చూపించింది. కొన్ని కొవ్వు ఆమ్లాలను ఒంట్లో తయారుచేసుకోవడం జంతువుకు సాధ్యం కాదు, అవి మేతలోనే రావాలి. వాటి నుంచి డీహెచ్‌ఏ వంటి పొడవాటి కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఎంజైమ్ లేకుండా పుట్టించిన మగ చుంచెలుకలు వంధ్యంగా మారాయి. మేతలో డీహెచ్‌ఏ ఇవ్వగానే వాటి సంతానసామర్థ్యం తిరిగి వచ్చింది.

కొలెస్ట్రాల్ విషయంలోనూ నిల్వ ఒక్కటే సరిపోదు, వాడకం కుదరాలి. కణాలు మిగులు కొలెస్ట్రాల్‌ను కొవ్వు ఆమ్లంతో కలిపి ఈస్టర్ రూపంలో దాచుకుంటాయి. దాన్ని మళ్లీ విడదీసే ఎంజైముల్లో హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్ ఒకటి. 2000 సంవత్సరంలో జపాన్ పరిశోధకులు ఆ ఎంజైమ్ లేని చుంచెలుకలను పుట్టించారు. కొవ్వు విడగొట్టే ఎంజైమ్ లేదు కాబట్టి అవి బాగా లావెక్కుతాయని ఎవరైనా అనుకుంటారు. ఎక్కలేదు. మగవి మాత్రం వంధ్యమయ్యాయి. వృషణాల్లో కొలెస్ట్రాల్ ఈస్టర్లు పేరుకున్నాయి, వీర్యకణాలు మాత్రం బాగా తగ్గిపోయాయి. సరుకు నిండా ఉండి పనికిరాని పరిస్థితి.

ఇక్కడ సెర్టోలి కణాల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. వృషణంలో సన్నని నాళికలుంటాయి, వీర్యకణాలు వాటి గోడల్లోనే తయారవుతాయి. ఆ గోడల్లో వీర్యకణాలను పెంచి పోషించే పెద్ద కణాలను ఇటలీ శాస్త్రవేత్త ఎన్రికో సెర్టోలి 1865లో వర్ణించాడు. పక్కపక్కనున్న సెర్టోలి కణాలు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కుని అడ్డుగోడ కడతాయి. లోపలివైపున్న కణాలకు రక్తం నేరుగా తగలదు. ఆహారమైనా, కొవ్వయినా, హార్మోన్ కబురైనా సెర్టోలి కణం చేతుల మీదుగా రావాల్సిందే. పైగా వీర్యకణం ఆకారం దిద్దుకునేటప్పుడు వదిలేసే అదనపు సైటోప్లాజంను మింగి జీర్ణం చేసుకునే పని కూడా దానిదే. అందులోంచి బోలెడంత కొవ్వు వస్తుంది. అంటే కొవ్వు మేత లేకపోయినా సెర్టోలి కణానికి కొవ్వు భారం రోజూ ఉండేదే.

ఆ భారాన్ని దించుకోవడానికి కణానికి ఎల్ఎక్స్ఆర్ అనే గ్రాహకాల సాయం ఉంది. కొలెస్ట్రాల్ ఎక్కువైందని పసిగట్టి, బయటకు పంపే జన్యువులను అవి మేల్కొలుపుతాయి. ఎల్ఎక్స్ఆర్ బీటా లేని చుంచెలుకల సెర్టోలి కణాల్లో కొలెస్ట్రాల్ ఈస్టర్ల చుక్కలు నిండిపోతాయి. ఆల్ఫా, బీటా రెండూ లేని మగ చుంచెలుకలు వయసు పెరిగేకొద్దీ సంతానశక్తి కోల్పోతాయి. ఇదంతా మామూలు మేత మీదే జరిగింది. కొవ్వు మేత కొత్త దారి తవ్వడం లేదు, ఉన్న ఏర్పాటు మీద బరువు పెంచుతోంది. అందుకే ఒకే మేత తిన్న జంతువుల్లో కూడా కొన్నింటికి తొందరగా, కొన్నింటికి ఆలస్యంగా దెబ్బ తగిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తల ఎందుకు మడతపడింది?

మెండోజా బృందం 2017లో మళ్లీ అవే రకం కుందేళ్ల మీదకు వచ్చింది. ఈసారి వీర్యాన్ని వదిలి నేరుగా వృషణాల్లోకి చూశారు. రెండు సంగతులు కనిపించాయి. మొదటిది, వీర్యకణాల తయారీకి మూలమైన స్పెర్మటోగోనియా కణాలే తగ్గాయి, తయారీ మధ్యలో చనిపోయే కణాలు పెరిగాయి. వీర్యంలో సంఖ్య తగ్గడానికి ఇది కారణం. రెండోది తల ఆకారానికి సంబంధించింది. ఈ వ్యవహారం మొత్తంలో ఇంతకంటే ఆసక్తికరమైన భాగం ఇంకోటి లేదు.

వీర్యకణం మొదట గుండ్రంగా, మామూలు కణంలాగే ఉంటుంది. తర్వాత దాని కేంద్రకం సన్నగా సాగుతుంది, అండంలోకి చొరబడటానికి కావలసిన ఎంజైములున్న ఆక్రోసోమ్ అనే సంచి ముందువైపు కప్పుకుంటుంది, వెనకవైపు తోక నాటుకుంటుంది. కేంద్రకాన్ని అలా సాగదీయడానికి దాని వెనక సగం చుట్టూ మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని ప్రోటీన్ గొట్టాలతో ఒక తాత్కాలిక కట్టు ఏర్పడుతుంది. దాని పేరు మాంషెట్. స్లాబు పోసేటప్పుడు కొట్టే సెంట్రింగ్ లాంటిదే ఇదీ: ఆకారం నిలబడేదాకా ఉంటుంది, పని అయ్యాక ఊడదీస్తారు, పూర్తయిన వీర్యకణంలో దాని జాడ ఉండదు. అయితే ఆ కట్టు గాల్లో నిలబడదు. ఆక్రోసోమ్ అంచు దగ్గర, పొరకు అతుక్కుని నిలబడాలి. పొరలో కొలెస్ట్రాల్, స్ఫింగోలిపిడ్లు అనే ఇంకో రకం కొవ్వులు గుమిగూడి కాస్త బిగుతుగా ఉండే చిన్న చిన్న చోట్లుంటాయి. మాంషెట్ సరైన చోట లంగరు వేసుకోవడానికి ఆ చోట్లు, వాటితోపాటు యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు అవసరమని ఈ అధ్యయనం చూపించింది.

కొలెస్ట్రాల్ తిన్న కుందేళ్లలో ఈ మూడింటి అమరిక చెదిరిపోయింది. ఆక్రోసోమ్ వంకరగా పెరిగింది, కేంద్రకం సరిగా సాగలేదు, తోక నాటుకోవాల్సిన చోట నాటుకోలేదు. 2010లో వీర్యంలో కనిపించిన మడత తలకు మూలం ఇదే అయి ఉండాలి. రక్తంలో కొలెస్ట్రాల్ పెరగడం ఒక కణం ఆకారాన్ని ఎలా చెడగొడుతుందన్న ప్రశ్నకు ఇంత దగ్గరి నుంచి జవాబు దొరకడం అరుదు. ఒక చిక్కు మాత్రం ఇంకా విడలేదు. పెరిగిన కొలెస్ట్రాల్ సెర్టోలి గోడ దాటి లోపలి కణాల పొరల్లోకి ఎంత చేరింది, సెర్టోలి కణమే ముందు దెబ్బతిని పోషణ సరిగా చేయలేకపోవడం వల్ల ఎంత జరిగింది అన్నది ఈ ప్రయోగంతో విడదీసి చెప్పలేం.

వదిలించుకోవాల్సిన కొలెస్ట్రాల్

వృషణం దాటాక కూడా వీర్యకణం పని పూర్తికాదు. ఎపిడిడిమిస్ అనే పొడవాటి నాళంలో కొన్ని రోజులు ప్రయాణిస్తుంది. పొరలో కొవ్వుల పాళ్లు అక్కడ మారతాయి, ఈదే సత్తువ వస్తుంది, సైటోప్లాజం బొట్టు తోక వెంట జారి ఊడిపోతుంది. మెండోజా కుందేళ్లలో ఆ బొట్టు మిగిలిపోయిందంటే ఎపిడిడిమిస్‌లో జరగాల్సిన పనిలోనూ లోటు వచ్చిందని అనుకోవచ్చు.

అప్పటికీ కణం అండాన్ని చేరుకోగలదు గానీ ఫలదీకరణ చేయలేదు. ఆడ జంతువు శరీరంలో కొంతసేపు గడిపితేనే ఆ శక్తి వస్తుందని 1951లో ఇద్దరు విడివిడిగా కనుక్కున్నారు. అమెరికాలో ఎం.సి. చాంగ్, ఆస్ట్రేలియాలో సి.ఆర్. ఆస్టిన్. ఆ మార్పుకు కెపాసిటేషన్ అని పేరు. తర్వాతి దశాబ్దాల్లో తేలిందేమిటంటే, కెపాసిటేషన్‌లో కీలకమైన అడుగు పొర నుంచి కొలెస్ట్రాల్ బయటకు పోవడం. ఆడ జంతువు స్రావాల్లో ఉండే అల్బుమిన్ వంటి ప్రోటీన్లు దాన్ని లాగేసుకుంటాయి. కొలెస్ట్రాల్ పోయాక పొర వదులవుతుంది, లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్ మేల్కొంటుంది, కొన్ని ప్రోటీన్లకు ఫాస్ఫేట్లు అతుక్కుంటాయి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో హ్యామ్‌స్టర్ వీర్యకణాల మీద ఏళ్ల తరబడి జరిగిన పనిలో పెద్ద భాగం ఈ ఫాస్ఫేట్ల గొలుసు గురించే.

ఇప్పుడు కొలెస్ట్రాల్ అవసరానికి మించి ఉన్న కణం సంగతి చూడండి. మెండోజా పరిశోధకులు కొలెస్ట్రాల్‌కు అంటుకుని వెలిగే ఫిలిపిన్ అనే పదార్థంతో వీర్యకణాలకు రంగు వేశారు. కొలెస్ట్రాల్ ముఖ్యంగా ఆక్రోసోమ్ ఉన్న భాగంలో పెరిగినట్టు కనిపించింది. కెపాసిటేషన్ జరగాల్సిన ద్రవంలో ఉంచినా ఆ కణాల ప్రోటీన్లకు ఫాస్ఫేట్లు తక్కువగానే అతుక్కున్నాయి. ఆక్రోసోమ్‌ను విచ్చుకునేలా చేసే ప్రొజెస్టెరాన్ హార్మోన్ తగిలించినా ఆక్రోసోమ్ విచ్చుకున్న కణాలు తక్కువే. అప్పుడు వాళ్లు ఒక చిన్న పరీక్ష చేశారు. పొర సంగతి పక్కనపెట్టి, సైక్లిక్ ఏఎంపీని లోపల పెంచే రసాయనాలను కలిపారు. కెపాసిటేషన్ మళ్లీ మొదలైంది. అంటే లోపలి యంత్రాంగం చెడిపోలేదు, పొర దగ్గరే కబురు ఆగిపోతోంది. ఇలాంటి ఒక్క పరీక్ష పది కొలతల పట్టికల కంటే ఎక్కువ చెబుతుంది.

2013 ప్రయోగంలో అదే బృందం కొవ్వు మేతను సగానికి తగ్గించి, దానికి 7 శాతం ఆలివ్ నూనె కలిపి 16 వారాలు పెట్టింది. రక్తంలో కొలెస్ట్రాల్ మామూలు స్థాయికి వచ్చింది, వీర్యంలో లోపాలు చాలావరకు తగ్గాయి. 'ఆలివ్ నూనెతో వీర్యం బాగు' అని రాసేయడానికి ఇది భలే వీలుగా ఉంటుంది. కానీ కొలెస్ట్రాల్ కూడా సగానికి తగ్గిందన్న సంగతి మరిచిపోకూడదు. బాగుపడటంలో నూనె వాటా ఎంత, మేత తగ్గించడం వాటా ఎంత అన్నది ఈ ప్రయోగం ఒక్కదాన్ని బట్టి తేల్చడం కష్టం. తేలికగా ఒప్పుకోదగ్గ సంగతి ఏమిటంటే, నష్టం శాశ్వతం కాదు. కుందేలులో వీర్యకణం మొదలు నుంచి చివరిదాకా తయారవడానికి సుమారు 50 రోజులు పడుతుంది. 16 వారాల్లో రెండు తరాల వీర్యకణాలు కొత్తగా వచ్చేస్తాయి.

చుంచెలుకలు చెప్పే కథ వేరు

చుంచెలుకల ప్రయోగాల్లో కొవ్వు మేత అంటే మాటలు కాదు. ఎక్కువగా వాడే ఒక రకం మేతలో కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచే వస్తాయి, అందులో సింహభాగం పంది కొవ్వు. పోల్చడానికి వాడే మేతలో 10 శాతం. మన జాతీయ పోషకాహార సంస్థ మనుషులకు చెప్పే గరిష్ఠ పరిమితి 30 శాతం. కొన్ని ప్రయోగాల్లో ఇంకో లోపం కూడా ఉంటుంది: కొవ్వు మేతను శుద్ధి చేసిన పదార్థాలతో తయారుచేసి, పోలికకు మాత్రం గింజలు, పీచు ఉన్న మామూలు మేత పెడతారు. అప్పుడు తేడా కొవ్వుదా, పీచుదా, చక్కెరదా చెప్పలేం.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ బృందం 2011లో ప్రచురించిన పని ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. 22 శాతం కొవ్వున్న మేతను మగ చుంచెలుకలకు 9 వారాలు పెట్టారు. కదిలే వీర్యకణాలు 44 శాతం నుంచి 36 శాతానికి తగ్గాయి. వినడానికి ఇది చిన్న తేడానే. కానీ ఆ వీర్యంతో అండాలను కలిపినప్పుడు ఫలదీకరణ జరిగిన అండాలు సుమారు 44 శాతం నుంచి 26 శాతానికి పడిపోయాయి. కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి, డీఎన్ఏ దెబ్బ పెరిగాయి. ఇంకో విశేషం: ఇక్కడ కెపాసిటేషన్ జరగని కణాల శాతం తగ్గింది. అంటే కణాలు తొందరపడ్డాయి. కుందేలులో కెపాసిటేషన్ ఆగిపోయింది, చుంచెలుకలో ముందే అయిపోయింది. వేళ తప్పితే రెండూ అండం దగ్గర విఫలమే. కానీ కారణాలు ఒకటి కావు, కాబట్టి ఒకదానికి పనిచేసిన విరుగుడు రెండోదానికి పనిచేస్తుందన్న హామీ లేదు.

2015లో మరో బృందం కొవ్వు మేతతో లావెక్కిన చుంచెలుకల్లో సెర్టోలి అడ్డుగోడే బీటలు వారిందని చూపించింది. లోపలికి రాకూడనివి రావడానికి అది దారి. ఇక ఇంటర్నెట్‌లో చాలా వ్యాసాలు చెప్పే కారణం ఇంకోటుంది: కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుందన్నది. మనుషుల్లో అది నిజమే. చుంచెలుకల కొవ్వులో మాత్రం ఆ ఎంజైమ్ దాదాపు ఉండదు. చుంచెలుక ప్రయోగాన్ని వివరించడానికి ఆ కారణాన్ని వాడితే అతకదు.

జన్యువు వల్ల లావెక్కే ఎలుకలను ఈ లెక్కలో కలపకూడదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో 1990ల్లో బయటపడిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ ఎలుకలు విపరీతంగా లావెక్కుతాయి, సంతానం కనలేవు. వాటి కష్టం పుట్టుకతో వచ్చింది, కంచంలోంచి వచ్చింది కాదు.

ఎలుక జాతుల్లో వీర్యకణాల సంఖ్య భారీగా తగ్గినా పిల్లలు పుడుతూనే ఉంటాయి. అంత మిగులు వాటికి ఉంది. అందుకే 'కొవ్వు మేత తిన్న మగ ఎలుకలకు పిల్లల సంఖ్య తగ్గలేదు' అన్న ఫలితం చూసి అంతా బాగానే ఉందనుకుంటే పొరపాటు. మనిషికి అంత మిగులు లేదు.

ముప్పై అయిదు రోజులా, రెండు వారాలా?

చుంచెలుకలో వీర్యకణం తయారీకి సుమారు 35 రోజులు, ఎలుకలో 50 రోజులకు పైగా, ఎద్దులో 61 రోజులు. ఆ తర్వాత ఎపిడిడిమిస్‌లో ఇంకో వారం, పదిరోజులు. ఈ లెక్క వల్ల ఒక తమాషా ప్రయోగం సాధ్యమవుతుంది. కొవ్వు మేత రెండు వారాలే పెడితే, ఆ వెంటనే బయటకు వచ్చే వీర్యకణాలు మేత మొదలయ్యేసరికే వృషణంలో చాలావరకు తయారైపోయి ఉంటాయి. వాటికి కొవ్వు ప్రభావం తగిలేది చివరి ప్రయాణంలోనే.

జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు ఆధ్వర్యం వహించి 2024లో ప్రచురించిన అధ్యయనం ఇలాగే రెండు వారాల మేత మీద నడిచింది. ఆ మగ చుంచెలుకలకు పుట్టిన మగ పిల్లల్లో కొన్నింటికి చక్కెరను తట్టుకునే శక్తి తగ్గింది. ఆ కబురును మోసింది మేత సమయంలో ఎపిడిడిమిస్‌లో ఉన్న కణాలే, తయారీలో ఉన్నవి కావు. మోసిన పదార్థం, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని టీఆర్ఎన్ఏల ముక్కలు. ప్రోటీన్ల తయారీలో సాయపడే చిన్న ఆర్ఎన్ఏలు టీఆర్ఎన్ఏలు. అంతకుముందు 2016లో చైనా పరిశోధకులు ఇంకా సూటిగా వెళ్లారు. కొవ్వు మేత తిన్న చుంచెలుకల వీర్యకణాల నుంచి టీఆర్ఎన్ఏ ముక్కలను తీసి, మామూలు ఫలదీకరణ చెందిన అండంలోకి ఎక్కించారు. పుట్టిన పిల్లల్లో జీవక్రియ లోపాలు కనిపించాయి. తండ్రి బరువు, తల్లి మేత, పెంపకం అన్నీ పక్కకు పోయి, చిన్న ఆర్ఎన్ఏ ముక్కలే మిగిలాయి.

ఇక్కడ వీర్యకణం సంఖ్య, కదలిక, ఆకారం అన్నీ సరిగానే ఉండొచ్చు. వీర్య పరీక్ష రిపోర్టులో ఏ లోపమూ కనిపించదు.

ఎద్దు, దున్న

పశువుల దగ్గర కథ మళ్లీ మారుతుంది. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో కౌల్టర్, కాస్టెలిక్ అనే పరిశోధకులు మాంసం జాతి కోడెలకు కొన్నింటికి 80 శాతం గింజలతో, కొన్నింటికి పూర్తిగా గడ్డితో మేత పెట్టి 1997లో ఫలితాలు చెప్పారు. గింజలు మెక్కిన కోడెల వృషణ సంచి పైభాగంలో కొవ్వు పేరుకుని, వేడి బయటకు పోవడం తగ్గింది. వృషణాలు శరీరం కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉండాలి. అది కుదరక మామూలు ఆకారమున్న, ముందుకు ఈదే వీర్యకణాలు తగ్గాయి. ఇందులో కొలెస్ట్రాల్ ప్రసక్తే లేదు, కొవ్వు మేత కూడా కాదు. ఒంటి కొవ్వు దుప్పటిలా పనిచేసింది, అంతే. విత్తనపు ఆంబోతును బాగా మేపి నున్నగా ఉంచాలన్న సరదాకు ఇది అడ్డుపడే సంగతి. కోళ్ల ఫారాల్లో బ్రీడర్ పుంజులకు మేత కొలిచి వేయడం వెనుక కూడా ఒళ్లు పెరిగితే గుడ్లలో పిల్లశాతం పడిపోతుందన్న అనుభవమే ఉంది.

మనుషుల దగ్గరకొస్తే, అమెరికాలోని మిషిగన్, టెక్సస్‌లలో 501 జంటలను పరిశీలించిన లైఫ్ స్టడీ ఒకటుంది. రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువున్న మగవారి వీర్యకణాల్లో ఆక్రోసోమ్ చెక్కుచెదరకుండా ఉన్నవి తక్కువగా, తలలు చిన్నవిగా కనిపించాయని 2014లో ప్రచురించారు. ఇది రెండూ కలిసి కనిపించడమే, ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాదు. అయినా తల, ఆక్రోసోమ్ అన్న రెండు మాటలు వినగానే మెండోజా కుందేళ్లు గుర్తుకు రాక మానవు.

యూట్యూబ్‌లో ఇంకో వాదన బాగా తిరుగుతోంది. టెస్టోస్టెరాన్ తయారయ్యేది కొలెస్ట్రాల్ నుంచే కాబట్టి నెయ్యి, పచ్చసొన దండిగా లాగిస్తే మగతనం పెరుగుతుందన్నది. మొదటి సగం నిజం. కానీ లీడిగ్ కణంలో కొలెస్ట్రాల్‌కు కొరత ఉండదు. దాన్ని మైటోకాండ్రియా లోపలికి చేర్చే స్టార్ అనే ప్రోటీన్ ఎంత పనిచేస్తే అంతే టెస్టోస్టెరాన్. ఆ ప్రోటీన్‌ను నడిపేది మెదడు కింద ఉన్న పిట్యూటరీ నుంచి వచ్చే ఎల్‌హెచ్ హార్మోన్. కంచంలో నెయ్యి పెంచితే ఆ ద్వారం వెడల్పు కాదు.

కొలెస్ట్రాల్‌ను కావాలని వీర్యకణంలోకి ఎక్కించే చోటు కూడా ఒకటుంది, అదీ మన దగ్గరే. కరీంనగర్, నంద్యాల, బనవాసి వంటి చోట్ల పశుసంవర్ధక శాఖ కేంద్రాల్లో దున్నల, ఆంబోతుల వీర్యాన్ని 0.25 మిల్లీలీటర్ల స్ట్రాలలో నింపి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో నిల్వ చేస్తారు. గోపాలమిత్రలు కృత్రిమ గర్భధారణకు ఊళ్లలోకి తీసుకెళ్లేవి ఇలాంటి స్ట్రాలే. మనిషి, కుందేలు వీర్యకణాల పొరలో కొలెస్ట్రాల్‌కు, పొరలోని ప్రధాన కొవ్వులైన ఫాస్ఫోలిపిడ్‌లకు మధ్య నిష్పత్తి దాదాపు ఒకటికి ఒకటి. ఎద్దులో అందులో సగం కూడా ఉండదు. కొలెస్ట్రాల్ తక్కువైన పొర చలికి బిగుసుకుని చిట్లుతుంది, దున్న వీర్యం ఇంకా సున్నితం. నిల్వ కోసం వీర్యానికి కలిపే ద్రవంలో కోడిగుడ్డు పచ్చసొన వేయడం 1940ల నుంచి ఉన్న అలవాటు. అందులోని లైపోప్రోటీన్లు పొరను కాపాడతాయి. ఇటీవలి పద్ధతి సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర వలయంలో కొలెస్ట్రాల్‌ను నింపి నేరుగా పొరలోకి ఎక్కించడం. దానితో గడ్డ కరిగాక ఈదే కణాలు పెరుగుతాయి. మోతాదు పెంచితే మాత్రం కెపాసిటేషన్ ఆలస్యమవుతుంది, ఎందుకంటే ఎక్కించిన కొలెస్ట్రాల్‌ను కూడా కణం వదిలించుకోవాలి. ఎద వేళలో విడుదలైన అండం ఎదురుచూసేది కొన్ని గంటలే.